నైరుతి గది కిటికీకి ఏ తెర?

మన ఇళ్లలో పెద్ద పడకగది నైరుతి మూలకు వస్తుంది. వాస్తు అలా చెబుతుందని కట్టేవాళ్లూ కొనేవాళ్లూ దాదాపు అందరూ పాటిస్తారు. తల దక్షిణానికో తూర్పుకో పెట్టి పడుకోవాలి, ఉత్తరానికి పెట్టకూడదు అన్న పట్టింపు దానికి తోడు. పది అడుగులకు పదకొండు అడుగుల గదిలో తలుపు, బాత్‌రూమ్ గుమ్మం, బీరువా తలో గోడా తీసుకున్నాక, మంచానికి మిగిలేది చాలాసార్లు కిటికీ ఉన్న గోడే. కిటికీ తలాపునో, మంచం పక్కనే ఆనుకునో వస్తుంది. అది గోడ మధ్యలో ఉన్నా కొంత నయం. మూల నుంచి నాలుగైదు అంగుళాల దూరంలో ఉంటే దానికి ఏ తెర వేసినా ఏదో ఒక ఇబ్బంది తప్పదు.

ఇలాంటి కిటికీకి కర్టెన్ కొనడానికి వెళ్లేవాళ్ల చేతిలో సాధారణంగా ఒకే కొలత ఉంటుంది. నాలుగు బై నాలుగు. దుకాణంలో ఐదడుగుల రెడీమేడ్ కర్టెన్ తీసి చూపిస్తారు, రంగు నచ్చితే బిల్లు వేస్తారు. ఆ ఒక్క కొలతతో గుడ్డ సైజు తెలుస్తుంది కానీ కిటికీ పెట్టే బాధ ఏమిటో తెలియదు. ఎండ ఎన్ని గంటలకు ఏ కోణంలో వస్తోంది, ఎదుటి గోడ ఎంత దూరంలో ఉంది, కిటికీ రెక్క ఎటు తెరుచుకుంటుంది, పక్కన ఖాళీ గోడ ఎన్ని అంగుళాలు ఉంది అన్నవి కూడా తెలిస్తే ఏ తెర కావాలో సగం తేలిపోతుంది. వేడి, వెలుతురు, చాటు, గాలి అనే నాలుగు పనుల్లో మీ కిటికీకి ఏది ముఖ్యమో ఆ కొలతలే చెబుతాయి. నాలుగూ ఒకే గుడ్డతో జరగవు.

ఎండ ఎటు నుంచి, ఎంత ఎత్తు నుంచి

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 10 ప్రాంతం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా సూర్యుడు మనకు ఉత్తరంగానే తిరుగుతాడు. జూన్ 21న మిట్టమధ్యాహ్నం 84 డిగ్రీల ఎత్తున ఉంటాడు, అదీ ఉత్తరం వైపు. అంటే ఈ మూడు నెలల్లో సరిగ్గా దక్షిణానికి ఉన్న కిటికీలోకి నేరుగా ఎండ పడదు. అదే కిటికీకి డిసెంబరులో సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోకి దిగి ఎండనిస్తాడు. ఆ ఎండ ఒంటికి హాయి. దక్షిణపు కిటికీకి మందపాటి తెరలు వేసి డబ్బు పోసేవాళ్లు చాలామంది లేని శత్రువు మీద యుద్ధం చేస్తున్నట్టే.

అసలు బాధ పడమటి కిటికీది. మే 15న హైదరాబాద్‌లో మధ్యాహ్నం 3 గంటలకు సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 4 గంటలకు 36, 5 గంటలకు 22, 6 గంటలకు 8 డిగ్రీలు. 6.40 ప్రాంతంలో అస్తమిస్తాడు. విశాఖపట్నంలో ఇదంతా ఇరవై నిమిషాలు ముందుగా జరుగుతుంది. కోణాల్లో పెద్ద తేడా ఉండదు.

ఇప్పుడు కిటికీ పై అంచుకు ఆనుకుని 2 అడుగులు బయటికి వచ్చిన సజ్జా ఉందనుకుందాం. 3 గంటలకు దాని నీడ 2.4 అడుగులు కిందికి దిగుతుంది. నాలుగడుగుల కిటికీలో సగానికి పైగా నీడలో ఉన్నట్టు. 4 గంటలకు నీడ ఒకటిన్నర అడుగే. 5 గంటలకు 10 అంగుళాలు, 6 గంటలకు మూడున్నర అంగుళాలు. సజ్జా ఎండ తీవ్రంగా తగిలే సాయంత్రం వేళకే చేతులెత్తేస్తుంది. రెండడుగుల సజ్జాను మూడడుగులు చేసినా 5 గంటలకు దక్కే నీడ 15 అంగుళాలు దాటదు. అందుకే పడమటి కిటికీకి తెర అలంకారం కాదు, అవసరం.

ఆ ఎండ ఎన్ని వాట్లు

మబ్బులేని మే నెల సాయంత్రం నిలువు పడమటి గోడ మీద చదరపు మీటరుకు దాదాపు 600 వాట్ల ఎండ పడుతుందని లెక్క వేసుకోవచ్చు. నాలుగు బై నాలుగు కిటికీ అంటే 16 చదరపు అడుగులు, ఒకటిన్నర చదరపు మీటర్లకు కొంచెం తక్కువ. మామూలు పలక అద్దం ఆ ఎండలో 80 శాతానికి పైగా లోపలికి వదిలేస్తుంది. సజ్జా లేకపోతే గదిలోకి 740 వాట్లు, రెండడుగుల సజ్జా ఉంటే 450 నుంచి 550 వాట్లు వస్తాయి. చిన్న ఇస్త్రీ పెట్టెను సాయంత్రమంతా పరుపు పక్కన ఆన్ చేసి ఉంచినట్టు.

దీన్ని ఎక్కడ ఆపుతున్నాం అన్నదే ముఖ్యం. అమెరికా ఇంధన శాఖ చెప్పే అంకెలు ఇక్కడ పనికొస్తాయి. మధ్యస్థ రంగు కర్టెన్‌కు వెనక తెల్లటి ప్లాస్టిక్ పూత ఉంటే కిటికీ ద్వారా వచ్చే వేడి 33 శాతం తగ్గుతుంది. బాగా వెలుగు తిప్పికొట్టే లోపలి బ్లైండ్ పూర్తిగా మూస్తే 45 శాతం దాకా తగ్గుతుంది. పడమటి కిటికీకి బయట చాందినీ లాంటి నీడ కడితే 77 శాతం దాకా తగ్గుతుంది. మన 500 వాట్లకు ఈ లెక్క వర్తింపజేస్తే, మంచి కర్టెన్ వేశాక ఇంకా 335 వాట్లు లోపలే ఉంటాయి. మంచి బ్లైండ్ వేస్తే 275, బయట నీడ కడితే 115 వాట్లు.

తేడా ఎందుకంత? ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక గుడ్డకు తగిలి గుడ్డను వేడెక్కిస్తుంది. వేడెక్కిన గుడ్డ ఆ వేడిని గదికే ఇస్తుంది. ముదురు రంగు బ్లాక్‌అవుట్ కర్టెన్ గదిని చీకటి చేస్తుంది, మనకు చల్లబడినట్టు అనిపిస్తుంది. కానీ దాని వెనక చెయ్యి పెట్టి చూస్తే కాలుతుంది. ఆ వేడిగాలి కర్టెన్ పై సందులోంచి గదిలోకి వస్తూనే ఉంటుంది. అందుకని లోపల ఏ తెర వేసినా అద్దం వైపు ఉన్న ముఖం తెల్లగానో, వెండి పూతతోనో ఉండాలి. గది వైపు మీకు నచ్చిన రంగు పెట్టుకోండి.

బయట తెర అంటే ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. సజ్జా అంచు నుంచి వేలాడే వెదురు తెర చాలు. నర్సరీల్లో వాడే షేడ్ నెట్ 50, 75, 90 శాతం అని నీడ లెక్కన అమ్ముతారు, 75 శాతంది గ్రిల్ బయట కడితే ఎండ తగ్గుతుంది, గాలి కొంత ఆడుతుంది. అద్దానికీ తెరకూ మధ్య కనీసం అరడుగు ఖాళీ ఉండాలి, వేడిగాలి పైకి పోవడానికి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం హఠాత్తుగా ఈదురుగాలి లేస్తుంది కాబట్టి కింది అంచును కూడా గ్రిల్‌కు కట్టాలి. ఐదో అంతస్తు నుంచి ఊడిన వెదురు తెర కింద నడిచేవాళ్ల మీద పడితే ప్రమాదం. అపార్ట్‌మెంట్‌లో అయితే అసోసియేషన్‌ను ముందే అడగండి.

వట్టివేళ్ల తడికెల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల వేడిని గాలిలోంచి తీసుకుంటుంది. సాయంత్రం మూడు లీటర్లు చల్లితే రెండు యూనిట్ల వేడి పోయినట్టు, అంటే పైన చెప్పిన 500 వాట్లు నాలుగు గంటల్లో మోసుకొచ్చే వేడి మొత్తం. కర్నూలు, అనంతపురం, తెలంగాణ జిల్లాల పొడి వేసవిలో ఇది ఇప్పటికీ గొప్ప సాధనం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నీరు అంత తేలిగ్గా ఆవిరి కాదు, ఉక్క పెరుగుతుంది.

కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందని అడిగితే నిజం చెప్పాలి. రోజుకు రెండు యూనిట్ల వేడిని తీయడానికి ఏసీకి పట్టేది అర యూనిట్‌కు కొంచెం ఎక్కువ. బయటి తెర 77 శాతం ఆపితే నెలకు ఆదా 13 యూనిట్ల దగ్గర ఉంటుంది. ఇది పెద్ద మొత్తం కాదు. కానీ ఏసీ లేని గదిలో, కరెంటు పోయిన సాయంత్రం, కిటికీ పక్కనే పడుకునే పెద్దవాళ్లకు ఈ తేడా ఒంటికి తెలుస్తుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ పగలు తాగిన వేడిని ఆరేడు గంటల తర్వాత లోపలికి వదులుతుంది. సాయంత్రం 4 గంటల వేడి రాత్రి పది పదకొండు గంటలకు గదిలోకి వస్తుందన్నమాట. కాబట్టి వెదురు తెర కట్టేటప్పుడు కిటికీ వెడల్పుకే ఆగకుండా రెండు పక్కలా ఒక్కో అడుగు గోడను కూడా కప్పేలా కట్టడం మంచిది.

ఎదుటి గోడ చేసే మేలు, కీడు

ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే నైరుతి గదిలో, రెండో అంతస్తు కిటికీకీ ఐదో అంతస్తు కిటికీకీ ఒకే తెర పనికిరాదు. పక్క భవనం 12 అడుగుల దూరంలో ఉండి, మీ కిటికీ పై అంచు మట్టం నుంచి ఇంకా 10 అడుగులు పైకి లేచి ఉందనుకోండి. సూర్యుడు 40 డిగ్రీల కిందికి దిగగానే ఆ గోడ చాటుకు పోతాడు. మే 15న అది సుమారు మధ్యాహ్నం 3.45కి జరుగుతుంది. అంతవరకు సజ్జా నీడ ఎలాగూ సగం కిటికీని కాపాడుతుంది. ఆ గదికి వేడి పెద్ద సమస్య కాదు. వెలుతురు చాలకపోవడం, ఎదుటివాళ్లకు కనిపించడం అసలు సమస్యలు. అక్కడ బ్లాక్‌అవుట్ తెర వేస్తే పగలంతా లైటు వేసుకు కూర్చోవాలి.

చాటు విషయంలో పల్చటి తెల్ల తెరను నమ్ముకునేవాళ్లు ఎక్కువ. పగలు అది చక్కగా పనిచేస్తుంది. బయట నీడపట్టునే 10,000 లక్స్ వెలుగు ఉంటుంది, గదిలో 150 లక్స్ ఉంటే గొప్ప. అరవై రెట్లు తేడా. వెలుగు ఎక్కువున్న వైపు నుంచి చూసేవాళ్లకు గుడ్డే కనిపిస్తుంది, వెనక ఏముందో కనిపించదు. రాత్రి ఏడింటికి ఈ లెక్క తిరగబడుతుంది. వీధి దీపం ఇచ్చేది పది ఇరవై లక్స్, మీ గదిలో ట్యూబులైటు ఇచ్చేది వంద పైన. పగలు మిమ్మల్ని దాచిన గుడ్డే రాత్రి మిమ్మల్ని చూపిస్తుంది. అద్దం మీద అంటించే మెరుపు ఫిల్మ్‌దీ ఇదే కథ. అందుకని ఎదురుగా కిటికీ ఉన్న పడకగదికి పల్చటి తెర వెనక ఇంకో మందపాటి పొర తప్పనిసరి, దాన్ని లైటు వేసే ముందే లాగాలి.

పాత ఇళ్లలో కిటికీ కింది సగానికి స్ప్రింగు తీగ మీద చిన్న తెర వేలాడేది. కింద చాటు, పైన గాలీ వెలుగూ. ఆ తెరను ఇప్పుడు మనం చిన్నచూపు చూస్తున్నాం కానీ, మంచం పక్క కిటికీకి దాన్ని మించినది తక్కువ. అది ఎక్కడ పనిచేస్తుందో అంకెల్లో చూద్దాం. మామూలుగా కిటికీ నేల నుంచి 3 అడుగుల దగ్గర మొదలై 7 అడుగుల దగ్గర ముగుస్తుంది. సగం తెర 5 అడుగుల ఎత్తు దాకా కప్పుతుంది. ఎదుటింటివాళ్లు మీ అంతస్తులోనే ఉంటే వాళ్ల కన్ను కూడా సుమారు 5 అడుగుల ఎత్తులో ఉంటుంది. వాళ్లకు మీ గదిలో ఐదడుగుల పైన ఉన్నదే కనిపిస్తుంది. నిలబడితే తల కనిపించవచ్చు, కూర్చున్నా పడుకున్నా కనిపించరు. వీధిలోంచి పైకి చూసేవాళ్లకు స్లాబు తప్ప ఏమీ కనిపించదు.

అదే ఎదుటింటివాళ్లు ఒక అంతస్తు పైన ఉంటే కథ మారుతుంది. వాళ్ల కన్ను మీ నేలకు 15 అడుగుల పైన ఉంటుంది. 12 అడుగుల దూరం నుంచి కిందికి వాలిన వాళ్ల చూపు సగం తెర మీదుగా లోపలికి దిగి, మంచం ఎత్తులో కిటికీ నుంచి మూడున్నర అడుగుల దగ్గర మొదలుపెట్టి ఏడున్నర అడుగుల దాకా చూడగలదు. మంచం సగం ఆ పరిధిలోకి వస్తుంది. అలాంటి చోట సగం తెర చాలదు. కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ రెండు వైపులా కదిలే బ్లైండ్ కానీ, పూర్తి కర్టెన్ కానీ కావాలి. మీ కిటికీ దగ్గర ఒకసారి మంచం మీద కూర్చుని, పడుకుని, ఎదుటి కిటికీలు ఏవి కనిపిస్తాయో చూడండి. మీకు కనిపించిన ప్రతి కిటికీకీ మీరూ కనిపిస్తారు.

నిద్రకు ఎంత చీకటి కావాలి

2022లో పీఎల్‌ఓఎస్ బయాలజీ పత్రికలో నిద్రా పరిశోధకుల బృందం ఒకటి పెద్దలకు వెలుగు ఎంత ఉండాలో సూచనలు ఇచ్చింది. శరీర గడియారం మీద వెలుగు ప్రభావాన్ని లెక్కకట్టే ప్రత్యేక లక్స్ కొలతలో పగలు కనీసం 250, నిద్రకు ముందు మూడు గంటలు 10కి మించకుండా, నిద్రపోయే గదిలో 1కి మించకుండా ఉండాలని దాని సారాంశం. అదే ఏడాది అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 20 మందితో చేసిన అధ్యయనం ప్రచురించారు. 100 లక్స్ వెలుగులో ఒక్క రాత్రి నిద్రపోయినవాళ్ల గుండె వేగం పెరిగింది, తెల్లారేసరికి ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం కనిపించింది. ఇరవై మందితో చేసిన ఒక్క అధ్యయనం మీద అంతా కట్టలేం. అయినా దిశ తెలుస్తుంది. పున్నమి వెన్నెల 0.3 లక్స్ దాటదు, దానితో బాధ లేదు. కిటికీకి ఎదురుగా నిలిచిన వీధి ఎల్‌ఈడీ దీపంతోనే బాధ.

హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాళ్లు బ్లాక్‌అవుట్ గుడ్డ కొంటారు, దుకాణంలో నూరు శాతం అని రాసి ఉంటుంది. గుడ్డ నిజంగానే నూరు శాతం ఆపవచ్చు. కానీ కిటికీ చట్రం లోపల బిగించే రోలర్ బ్లైండ్‌కు రెండు చివర్ల బ్రాకెట్ల వల్ల గుడ్డ చట్రం కంటే ఇరువైపులా దాదాపు ముప్పావు అంగుళం సన్నగా ఉంటుంది. 48 అంగుళాల ఎత్తులో రెండు పక్కలా ముప్పావు అంగుళం సందు అంటే 72 చదరపు అంగుళాలు, అర చదరపు అడుగు. పదహారు చదరపు అడుగుల కిటికీలో మూడు శాతం తెరిచే ఉన్నట్టు. పగటి వెలుగుకు ఆ మూడు శాతం చాలు. చీకటే మీ అవసరమైతే బ్లైండ్‌ను చట్రం లోపల కాకుండా గోడ మీద, రెండు పక్కలా నాలుగేసి అంగుళాలు, పైన ఆరంగుళాలు ఎక్కువ వచ్చేలా బిగించాలి. మూలకు ఉన్న కిటికీకి ఒక పక్క గోడే అడ్డం కాబట్టి అటు వైపు సందు దానంతట అదే మూసుకుంటుంది. ఇబ్బంది పెట్టే మూల ఈ ఒక్క చోట ఉపకారం చేస్తుంది.

మందపాటి కర్టెన్ హారన్ల మోత కూడా ఆపుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. గదిలో ప్రతిధ్వని తగ్గిస్తుంది, అంతే. రోడ్డు చప్పుడు వచ్చేది కిటికీ సందుల్లోంచి, దాన్ని గుడ్డ ఆపలేదు.

గాలి, రెక్కలు, కుచ్చు పట్టే చోటు

కుచ్చు ఎక్కడ పడుతుందని దుకాణంలో ఎవరూ అడగరు, ఇంటికొచ్చాక ఎక్కువ బాధపెట్టేది ఇదే. కర్టెన్‌ను పక్కకు లాగినప్పుడు అది మాయం కాదు. కిటికీ వెడల్పులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా చోటు ఆక్రమిస్తుంది. 48 అంగుళాల కిటికీకి 12 నుంచి 16 అంగుళాలు. ఇప్పుడు చాలా ఫ్లాట్లలో ఉన్నవి పక్కకు జరిగే యూపీవీసీ కిటికీలు. రెండు రెక్కల కిటికీ ఎంత తెరిచినా సగమే, 24 అంగుళాలే తెరుచుకుంటుంది. ఆ తెరుచుకునే వైపే 14 అంగుళాల కర్టెన్ కుచ్చు నిలబడితే గాలికి మిగిలేది 10 అంగుళాలు. దానికి దోమల మెష్ అడ్డం. పొడి వేడి ప్రాంతాల్లో గది నేలలో పదో వంతు, తేమ వేడి ప్రాంతాల్లో ఆరో వంతు కిటికీలు ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతుంది. పది బై పదకొండు గదికి హైదరాబాద్‌లో 11, విశాఖలో 18 చదరపు అడుగులు కావాలి. పదహారు చదరపు అడుగుల కిటికీ పెట్టుకుని, సగమే తెరిచి, అందులోనూ సగం గుడ్డతో మూస్తే గాలి ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే రాడ్‌ను కిటికీ వెడల్పుకు కొనకూడదు. కిటికీ దాటి కనీసం 14 అంగుళాలు గోడ మీదికి పోవాలి. కర్టెన్ పూర్తిగా గోడ మీద కుచ్చు పట్టాలి. మూల కిటికీకి రెండు వైపులా ఆ చోటు దొరకదు, కాబట్టి రెండు తెరలు కాకుండా ఒకే వైపు జరిగే ఒకే తెర కుట్టించాలి. ఆ వైపు బీరువా ఉండి ఖాళీ లేకపోతే కర్టెన్ ఆలోచన మానేసి బ్లైండ్‌కు పోవడం మేలు. రోలర్ బ్లైండ్ పైన మూడంగుళాల్లో చుట్టుకుపోతుంది. రోమన్ బ్లైండ్ మడతలు పైన తొమ్మిది పది అంగుళాలు ఆక్రమిస్తాయి, చిన్న కిటికీకి అది ఎక్కువే.

పాత చెక్క కిటికీలకు ఇంకో చిక్కు. అద్దాల రెక్కలు బయటికి, మెష్ రెక్కలు లోపలికి తెరుచుకుంటాయి. చట్రం లోపల బ్లైండ్ బిగిస్తే మెష్ రెక్క తెరుచుకోదు. తలాపున మంచం ఉంటే ఆ రెక్క మంచం తలపలకకు కొట్టుకుంటుంది. ఇలాంటి కిటికీకి గోడ మీద ఎత్తుగా రాడ్, దానికి పక్కకు పూర్తిగా జరిగే కర్టెన్ ఒక్కటే దారి. రాడ్ బిగించే ముందు పైన ఉన్న స్ప్లిట్ ఏసీ కూడా చూసుకోండి. ఏసీ గాలి కర్టెన్ వెనక్కి పోతే అది అద్దాన్ని చల్లబరుస్తుంది, మిమ్మల్ని కాదు.

గుడ్డ ఎంత

మూలకు 5 అంగుళాల దూరంలో ఉన్న 48 అంగుళాల కిటికీని తీసుకుందాం. మూల నుంచి 5, కిటికీ 48, అవతలి పక్క కుచ్చు పట్టడానికి 14, మొత్తం రాడ్ 67 అంగుళాలు. మూసినప్పుడు కప్పాల్సింది 5, 48, అవతల నాలుగంగుళాల మార్జిన్ కలిపి 57 అంగుళాలు. మడతలు అందంగా పడాలన్నా, వెలుగు ఆగాలన్నా గుడ్డ దానికి రెట్టింపు కావాలి, 114 అంగుళాలు. కర్టెన్ గుడ్డ సాధారణంగా 54 అంగుళాల పన్నాలో వస్తుంది. రెండు పన్నాలు కలిపితే 108, దాదాపు సరిపోతుంది. రెడీమేడ్ అయితే ఒక్కోటి నాలుగడుగుల లోపు ఉంటుంది కాబట్టి మూడు కావాలి. దుకాణంలో అలవాటుగా రెండే ఇస్తారు, అప్పుడు తెరకు మడతలు తగ్గి పల్చగా కనిపిస్తుంది.

పొడవు విషయానికొస్తే పైన 6, కిటికీ 48, కింద 6 కలిపి 60 అంగుళాలు, మడతలకు 10 కలిపితే 70. రెండు పన్నాలకు 140 అంగుళాలు, మూడున్నర మీటర్ల పైన. నూలు గుడ్డ మొదటి ఉతుకులో ఐదు శాతం దాకా కుంచించుకుపోవచ్చు. అరవై అంగుళాల్లో అది 3 అంగుళాలు. కుట్టించే ముందే ఒకసారి తడిపి ఆరబెట్టమని టైలర్‌కు చెప్పండి. తలాపున కిటికీ ఉంటే కింది అంచు మంచం తలపలక పై అంచుకు కొంచెం కిందే ఆగాలి. అంతకంటే పొడవైతే రాత్రి గాలికి గుడ్డ ముఖం మీద పడుతుంది, తలనూనె మరకలు గుడ్డకు పడతాయి.

బ్లైండ్ చట్రం లోపల బిగించాలంటే వెడల్పును పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలవండి. మన ప్లాస్టరింగ్‌లో పావు అంగుళం తేడా మామూలే. మూడింట్లో తక్కువది తీసుకోవాలి. లోతు మూడంగుళాలు లేకపోతే రోలర్ బయటికి పొడుచుకొస్తుంది.

నా తీర్పు అడిగితే ఇది. రెండో అంతస్తు దాటి, పడమటికి తెరుచుకున్న నైరుతి గది కిటికీకి ముందు బయట వెదురు తెర, లోపల తెల్లటి వెనక ముఖం ఉన్న రోలర్ బ్లైండ్. రాత్రి కిటికీ తీసి పడుకునే అలవాటు ఉంటే రోలర్ బదులు ఒకవైపు జరిగే కర్టెన్, ఎందుకంటే రోలర్ గాలికి కొట్టుకుని చప్పుడు చేస్తుంది. ఎదుటి గోడ నీడలో ఉన్న కింది అంతస్తులకు వెదురు తెర అక్కర్లేదు, పల్చటిదీ మందపాటిదీ రెండు పొరల కర్టెన్ చాలు. దక్షిణపు కిటికీకి సగం తెరతో సరిపెట్టుకోవచ్చు, పై అంతస్తువాళ్లు చూడనంత వరకు.

తాళ్ల సంగతి

చివరగా చెబుతున్నా, ఇది మిగతా అన్నిటికంటే ముఖ్యం. మంచం పక్క కిటికీకి బ్లైండ్ పెడితే దాని తాడో, పూసల గొలుసో పరుపు మీదికి వేలాడుతుంది. పిల్లలు మంచమెక్కి ఆడతారు, ఆ తాడు మెడకు చుట్టుకుంటుంది. అమెరికాలో ఐదేళ్ల లోపు పిల్లలు ఏటా సగటున తొమ్మిది మంది ఇలా చనిపోతున్నారని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ చెబుతోంది. 2018 డిసెంబరు నుంచి అక్కడ దుకాణాల్లో సిద్ధంగా దొరికే బ్లైండ్లకు వేలాడే తాళ్లు ఉండకూడదన్న ప్రమాణం అమల్లోకి వచ్చింది. 2024 జూన్ నుంచి కొలతకు చేసిచ్చేవాటి మీదా నిబంధనలు బిగించారు. అక్కడ అద్దె ఇళ్లలో ఉంటున్న మనవాళ్లు పాత బ్లైండ్లు కనిపిస్తే ఇంటి యజమానిని మార్చమని అడగవచ్చు.

ఇక్కడ మనం అడిగితేనే దొరుకుతుంది. పిల్లలున్న ఇంట్లో, మంచం పక్క కిటికీకి తాడు లేని స్ప్రింగు రోలర్ అడగండి. ఇప్పటికే తాళ్లవి ఉంటే, ఇవాళే ఆ తాడు పిల్లలకు అందని ఎత్తులో, నేల నుంచి ఐదడుగుల పైన గోడకు కొక్కెం కొట్టి చుట్టేయండి. గొలుసు రకమైతే కింది కొసను గోడకు బిగువుగా బిగించే క్లిప్ దుకాణంలో అడిగి తెచ్చి పెట్టండి. ఊయల, చిన్నపిల్లల మంచం మాత్రం ఆ కిటికీ దగ్గర అసలే వేయకండి.